మొదటి స్టూడియో ఆర్ట్ కోర్సు ఏది తీసుకోవాలి? డ్రాయింగ్, డిజైన్, మట్టి, ప్రింట్, కెమెరా మధ్య ఎంపిక

అమెరికాలో బీఎస్ చదివేవాళ్ళకు కూడా డిగ్రీ పూర్తయ్యేలోగా కళల విభాగం నుంచి ఒకటో రెండో కోర్సులు తప్పనిసరి అన్న నియమం చాలా యూనివర్సిటీల్లో ఉంది. కంప్యూటర్ సైన్సో బయాలజీయో చదివే విద్యార్థి కేటలాగ్ తెరిస్తే డ్రాయింగ్ 1, 2డి డిజైన్, 3డి డిజైన్, సెరామిక్స్ 1 (మట్టి పాత్రలు), ప్రింట్‌మేకింగ్ (పలక చెక్కి అచ్చువేయడం), ఫొటోగ్రఫీ, డిజిటల్ డిజైన్ వరసగా కనిపిస్తాయి. అన్నీ మూడు క్రెడిట్లే. అన్నిటి కిందా ముందస్తు అనుభవం అక్కర్లేదనే రాసి ఉంటుంది. దాంతో చాలామంది ఖాళీగా ఉన్న టైమ్ స్లాట్‌ను బట్టో, "ఈజీగా 'A' గ్రేడ్ వస్తుంది" అన్న సీనియర్ మాటను బట్టో ఏదో ఒకటి ఎంచుకుంటారు.

"నాకు బొమ్మలు గీయడం రాదు" అన్న బెంగ పక్కన పెట్టండి; ఈ కోర్సులు రానివాళ్ళ కోసం పెట్టినవే. చూసుకోవాల్సిన తేడా మరొకటి ఉంది. చేసిన తప్పు ఎప్పుడు బయటపడుతుంది? బయటపడ్డాక దిద్దుకోవడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఆ గంటలు మీ గదిలో గడపొచ్చా, స్టూడియోకే వెళ్ళాలా? సెమిస్టర్ సాఫీగా సాగడం, సాగకపోవడం వీటి మీదే ఆధారపడుతుంది.

ముందుగా తేల్చుకోవాల్సినవి

మొదటిది గంటల లెక్క. లెక్చర్ కోర్సులో మూడు క్రెడిట్లంటే వారానికి సుమారు రెండున్నర గంటల క్లాసు. స్టూడియో కోర్సులో అవే మూడు క్రెడిట్లకు ఐదారు గంటలు క్లాసులోనే గడుస్తాయి, సాధారణంగా వారానికి రెండు రోజులు. బయట మరో నాలుగైదు గంటల పని వేసుకోండి. కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులు కూడా మధ్యాహ్నాలనే అడుగుతాయి కాబట్టి టైమ్‌టేబుల్‌లో గొడవ మొదలయ్యేది అక్కడే.

రెండోది హాజరు. ఎవరి దగ్గరో నోట్సు తీసుకుని చదువుకుంటే సరిపోయే క్లాసులు కావివి. డెమో ఒక్కసారే చూపిస్తారు. మూడు నాలుగు గైర్హాజర్లు దాటితే గ్రేడ్ తగ్గిస్తామని సిలబస్‌లోనే రాసే విభాగాలు చాలా ఉన్నాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్న అండర్‌గ్రాడ్ విద్యార్థులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. సరిగ్గా 12తో నడుస్తూ మధ్యలో స్టూడియో కోర్సు వదిలేస్తే స్టేటస్‌కే ఇబ్బంది. వదలాల్సి వస్తే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అనుమతి తీసుకుని, ఆ తర్వాతే డ్రాప్ బటన్ నొక్కాలి.

మూడోది తర్వాతి దారి. డిజైన్‌లో మైనర్ (మేజర్‌తోపాటు చేసే చిన్న రెండో విభాగం) చేయాలన్న ఆలోచన రవ్వంత ఉన్నా, కోర్సు పేరు చివర "నాన్ మేజర్స్" అని ఉందేమో చూడండి. అలాంటి సెక్షన్లు డిగ్రీ నియమం తీర్చడానికి పనికొస్తాయి గానీ, పై కోర్సులకు ప్రీరిక్విజిట్‌గా (ముందే పూర్తిచేయాల్సిన కోర్సుగా) చాలాచోట్ల చెల్లవు. పాస్/ఫెయిల్ కింద తీసుకున్నా తర్వాత మైనర్‌కు లెక్కించకపోవచ్చు.

ఖర్చు సంగతి కోర్సు కోర్సుకూ మారుతుంది గనుక కింద పట్టికలో చూడండి.

| కోర్సు | పని ఎక్కడ | తప్పు ఎప్పుడు తెలుస్తుంది | ఖర్చు |
|---|---|---|---|
| డ్రాయింగ్ 1 | క్లాసులో, గదిలో | గీస్తుండగానే | తక్కువ |
| 2డి డిజైన్ | ఎక్కువగా గదిలోనే | కోసి అతికించాక | మధ్యస్థం |
| 3డి డిజైన్ | సగం వర్క్‌షాప్‌లో | నిలబెట్టినప్పుడు | మధ్యస్థం. ల్యాబ్ ఫీజు అదనం |
| సెరామిక్స్ 1 | పూర్తిగా స్టూడియోలో | రెండు మూడు వారాల తర్వాత | పనిముట్లకు తక్కువ. ల్యాబ్ ఫీజు ఎక్కువ |
| ప్రింట్‌మేకింగ్ | చెక్కడం గదిలో, అచ్చు స్టూడియోలో | మొదటి అచ్చు తీశాక | మధ్యస్థం |
| ఫొటోగ్రఫీ | బయట, ల్యాబ్‌లో | డిజిటల్‌లో వెంటనే; ఫిల్మ్‌లో కడిగాక | కెమెరా లేకపోతే ఎక్కువ |
| డిజిటల్ డిజైన్ | లాప్‌టాప్ మీద | ప్రింట్ చేతికి వచ్చాక | సాఫ్ట్‌వేర్‌ను బట్టి |

డ్రాయింగ్ 1

ఎటూ తేలకపోతే ఇదే తీసుకోండి. తప్పు కళ్ళముందే కనిపిస్తుంది, అక్కడికక్కడే తుడిచి దిద్దుకోవచ్చు. సామాను కూడా కొద్దిదే: 18×24 అంగుళాల న్యూస్‌ప్రింట్ ప్యాడ్, అదే కొలతలో మందపాటి డ్రాయింగ్ పేపర్, విల్లో లేదా వైన్ (ద్రాక్షతీగ) చార్‌కోల్ అనే మెత్తటి బొగ్గు పుల్లలు, ఇంకా నల్లగా పడే కంప్రెస్డ్ చార్‌కోల్, 2హెచ్ నుంచి 6బి దాకా పెన్సిళ్ళు, పిండిముద్దలా నలిపే నీడెడ్ ఇరేజర్, క్లిప్పులున్న బోర్డు. వంద డాలర్లకు అటూ ఇటూగా అయిపోతుంది.

నేర్పేది చూడటం. చెయ్యి పూర్తిగా చాచి, మోచెయ్యి వంచకుండా పెన్సిల్‌తో కొలతలు తీయడం, వస్తువుల మధ్య ఖాళీ ఆకారాలను గీయడం, ముప్పై సెకన్ల నుంచి రెండు నిమిషాల్లో ముగిసే, భంగిమను మాత్రమే పట్టే జెశ్చర్ స్కెచ్‌లు, తెలుపు నుంచి నలుపు దాకా వెలుగునీడల మెట్లు, దూరాన్ని కాగితం మీద చూపే పర్‌స్పెక్టివ్. కొత్తవాళ్ళ బొమ్మలు చెడిపోయే కారణాలు దాదాపు ఒకటే రకం. ఒక మూల నుంచి మొదలుపెట్టి అక్కడే వివరాలన్నీ పూర్తిచేస్తారు. చివరికి కూజా పిడి కాగితం దాటిపోతుంది. మొత్తం అమరికను లేత గీతలతో ముందే వేసుకుంటే ఈ చిక్కు రాదు. ఇంకో తప్పు, పెద్ద కాగితాన్ని బల్ల మీద పడుకోబెట్టి గీయడం. కాగితం పైభాగం కంటికి దూరంగా ఉండి కుదించినట్టు కనిపిస్తుంది, దాంతో తెలియకుండానే అక్కడ సాగదీసి గీస్తారు. బోర్డును నిలువుగా, వస్తువునూ కాగితాన్నీ మెడ పెద్దగా తిప్పకుండా చూడగలిగేలా పెట్టుకోవాలి. మూడోది నలుపంటే భయం. బొమ్మంతా మధ్యస్థపు బూడిద రంగులో ఆగిపోతుంది. నీడల్లో కంప్రెస్డ్ చార్‌కోల్ వాడమని టీచరు పదేపదే చెప్పేది అందుకే.

మన దగ్గర డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాసి వచ్చినవాళ్ళకు చెయ్యి తిరిగి ఉంటుంది, అది లాభమే. కానీ శుభ్రమైన అవుట్‌లైన్, నున్నటి షేడింగ్ అలవాటైనవాళ్ళు ఇక్కడ మొదట్లో చిరాకు పడతారు. సరైన ఆకారం కోసం వెతుకుతూ వేసిన గీతలు తుడిచేయొద్దంటారు, ఫొటో చూసి గీస్తే ఒప్పుకోరు. గ్రేడ్ ఒక్క మంచి బొమ్మకు కాక, వారం వారం నిండిన స్కెచ్‌బుక్కుకూ పడుతుంది.

కొన్ని చోట్ల డ్రాయింగ్ 1లోనే నగ్న మోడల్‌తో రెండు మూడు క్లాసులు ఉంటాయి. ఫిగర్ డ్రాయింగ్ అన్న పేరుంటే ఖాయం. సిలబస్‌లో ముందే చూసుకుని, ఇబ్బంది అనిపిస్తే మొదటి వారంలోనే టీచరుతో మాట్లాడాలి. ఆ గదిలో ఫోన్ బయటికి తీయకూడదు.

న్యూస్‌ప్రింట్ మీద గీసినవి ఏడాది తిరక్కుండా పసుపెక్కుతాయి. పోర్ట్‌ఫోలియోలో పెట్టదలచినవి మంచి కాగితం మీదే గీయండి, ఫిక్సెటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) ఆరుబయట కొట్టండి.

2డి డిజైన్

కాగితం మీద ఆకారాలు, రంగుల అమరిక నేర్పే కోర్సిది, ఇంజనీరింగ్ బుర్ర ఉన్నవాళ్ళకు బాగా నప్పుతుంది. ప్రతి అసైన్‌మెంట్ నియమాలున్న సమస్యలా వస్తుంది: నాలుగు నల్ల చతురస్రాలతో ఒత్తిడి చూపించు, ఒకే బూడిద రంగు రెండు వేర్వేరు రంగుల్లా కనిపించేలా అమర్చు. ఈ పద్ధతి జర్మనీలో 1919లో మొదలైన బౌహౌస్ స్కూలు ప్రాథమిక కోర్సు నుంచి వచ్చింది. అక్కడ పాఠం చెప్పిన జోసెఫ్ ఆల్బర్స్ 1933లో అమెరికా వచ్చి బ్లాక్ మౌంటెన్ కాలేజీలో, తర్వాత యేల్‌లో రంగు కాగితాలతో చేయించిన అభ్యాసాలే నేటికీ చాలా సిలబస్‌లలో తిరుగుతున్నాయి.

చేతిపని శుభ్రతకు ఇక్కడ విడిగా మార్కులుంటాయి. పోయేవి కూడా అక్కడే. ఎక్స్-యాక్టో కత్తికి 11 నంబరు బ్లేడు, కింద కటింగ్ మ్యాట్, అంచు పట్టుకోవడానికి లోహపు స్కేలు కావాలి. ప్లాస్టిక్ స్కేలును బ్లేడు చెక్కేస్తుంది, ఆ తర్వాత ప్రతి గీతా వంకరే. ఒక్క గట్టి కోత కంటే రెండు మూడు తేలిక కోతలు మేలు. మొద్దు బారిన బ్లేడు కాగితాన్ని కోయదు, చింపుతుంది. పాత బ్లేడ్లను చెత్తబుట్టలో కాకుండా మూత ఉన్న డబ్బాలో వేయాలి.

గ్వాష్ (నీళ్ళతో కలిపే, అడుగు కనిపించనివ్వని రంగు) పల్చటి మీగడలా ఉండాలి. నీళ్ళెక్కువైతే చారలు పడతాయి, తక్కువైతే ఎండాక పగులుతుంది. లేత రంగులు ఎండాక కొంచెం ముదురుతాయి, ముదురు రంగులు కొంచెం లేతబడతాయి. అందుకే చిన్న ముక్క మీద వేసి, ఆరాక చూసి, అప్పుడు అసలు కాగితం మీద పెట్టాలి. కలిపిన రంగు మధ్యలో అయిపోతే మళ్ళీ అదే రంగు కలపడం దాదాపు అసాధ్యం. కావాల్సినదానికి రెట్టింపు కలిపి మూత పెట్టుకోండి.

యూఐ, యూఎక్స్ (యాప్‌ల రూపం, వాడకం తీరు డిజైన్) వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు నేరుగా సాఫ్ట్‌వేర్ కోర్సులోకి దూకుతుంటారు. మా సలహా ముందు 2డి డిజైన్ తీసుకోమనే. అంతరం, బరువు, వరస, రంగుల పొందిక చేత్తో కోసి అతికించినప్పుడు వంటబట్టినంతగా స్క్రీన్ మీద వంటబట్టవు. అన్‌డూ లేనప్పుడు మనిషి ఆలోచించి కదుపుతాడు. గదిలోనే చేసుకునే పని కాబట్టి ల్యాబుల సెమిస్టర్‌లో కూడా ఇది కుదురుతుంది.

సెరామిక్స్ 1

అందరికీ మోజున్న కోర్సు. వెయిట్‌లిస్ట్ పెద్దది, నిరాశ కూడా ఎక్కువే. మట్టి కష్టమని కాదు, దాని గడియారం మీ చేతిలో ఉండదు.

ఒక గిన్నె పూర్తి కావడానికి మజిలీలు ఇవి: తడి మట్టితో చేయడం, తోలులా గట్టిపడ్డాక అడుగు చెక్కడం, పిడి అతకడం, పూర్తిగా ఆరనివ్వడం, మొదటి కాల్పు, గ్లేజ్ (గాజులాంటి పూత) పూయడం, రెండో కాల్పు. మొదటి కాల్పు, అంటే బిస్క్, సుమారు 1000 డిగ్రీల సెల్సియస్‌కు పైన. రెండోది కోన్ 6 అయితే (కోన్ అంటే కాల్పు వేడిని సూచించే మెట్టు) 1220 డిగ్రీల దగ్గర, కోన్ 10 అయితే 1300కు చేరువ. ఇవన్నీ కలిపి రెండు మూడు వారాలు పడుతుంది, కిల్న్ (మట్టిని కాల్చే బట్టీ) నిండేదాకా ఆగాలి కూడా. పదిహేను వారాల సెమిస్టర్‌లో తడి మట్టి ముట్టుకోవడానికి ఆఖరి రోజు పన్నెండో వారంలోపే పడుతుంది. చివరి వారంలో రాత్రంతా మేల్కొని ప్రాజెక్టు పూర్తిచేసే అలవాటు ఇక్కడ పనిచేయదు.

నష్టాలకు కారణాలు చూడండి. గోడ మందం ఒకచోట పావు అంగుళం, మరోచోట ముప్పావు ఉంటే పల్చటి భాగం ముందు ఆరి కుంచించుకుపోతుంది, పగులు వస్తుంది. సారె మీద చేసిన గిన్నె అడుగును బాగా అదమకపోతే ఎస్ ఆకారంలో చీలుతుంది. పిడి అతికించేటప్పుడు రెండువైపులా గీతలు గీసి, చిక్కటి మట్టినీళ్ళు రాయకపోతే ఆరేటప్పుడే ఊడిపోతుంది. చవితి వినాయకుడిని చేసినట్టు గట్టి ముద్దగా బొమ్మ చేస్తే కిల్న్‌లో పేలిపోయే ప్రమాదముంది. లోపలి తేమ ఆవిరై బయటికి దారి దొరకదు. పక్కవాళ్ళ పనులు కూడా పోతాయి. లోపల తొలిచి, గోడ అర అంగుళం మించకుండా, గాలి పోయే రంధ్రం ఉంచాలి. గ్లేజ్ అడుగుదాకా పూస్తే గిన్నె కిల్న్ పలకకు అతుక్కుంటుంది. అడుగునుంచి కనీసం పావు అంగుళం వదిలేయండి, కారే గ్లేజ్ అయితే ఇంకా ఎక్కువ. మట్టి కాలేసరికి మొత్తం మీద పదో వంతుకు పైగా కుదించుకుపోతుంది గనుక కాఫీ కప్పు అనుకున్నదానికంటే పెద్దగా మొదలుపెట్టాలి.

సారె మీద మట్టిని మధ్యకు తేవడానికే కొన్ని వారాలు పడుతుంది. గోళ్ళు పెంచుకునేవాళ్ళు వాటిని వదులుకోవాల్సిందే. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవడం స్టూడియో నియమం.

వారానికి నాలుగైదు రోజులు క్యాంపస్‌లోనే ఉండేవాళ్ళు, తేలిక సెమిస్టర్ ఉన్నవాళ్ళు దీన్ని తీసుకుంటే ఆనందిస్తారు. దూరం నుంచి బస్సులో వచ్చేవాళ్ళు, పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉన్నవాళ్ళు వద్దు. ఐదు వారాల వేసవి సెషన్‌లో అసలే వద్దు.

3డి డిజైన్

ఆర్కిటెక్చర్, ప్రొడక్ట్ డిజైన్ వైపు చూసేవాళ్ళకు డ్రాయింగ్ తర్వాత ఇదే. అట్ట, ఫోమ్‌కోర్ (నురుగు నింపిన అట్ట), తీగ, బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్క, ప్లాస్టర్‌తో పని. వర్క్‌షాప్ యంత్రాలు ముట్టుకోవాలంటే సేఫ్టీ ఓరియెంటేషన్ పూర్తిచేయాలి. ఆ ఒక్క రోజు మిస్సయితే ప్రాజెక్టు ఆగిపోతుంది. చున్నీ, గాజులు, వేలాడే చొక్కా చేతులు, మణికట్టుకు కట్టిన దారాలు బ్యాండ్‌సా (తిరిగే రంపపు యంత్రం) దగ్గర నిజంగా ప్రమాదం. జుట్టు ముడి వేయాలి, కాలివేళ్ళు మూసే బూట్లు వేసుకోవాలి.

ప్లాస్టర్ కలిపేటప్పుడు పొడిని నీళ్ళలో వేయాలి, నీళ్ళను పొడిలో పోయకూడదు. పొడి నీళ్ళపైన చిన్న దిబ్బలుగా నిలిచేదాకా జల్లి, ఒక నిమిషం నాననిచ్చి, అప్పుడు కలపాలి. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, అందుకే చెయ్యి ముంచి అచ్చు తీసే సరదా పనికిరాదు. మిగిలింది సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయే విషయం రవాణా. రెండడుగుల మోడల్‌ను షటిల్ బస్సులో విరగకుండా ఎలా తెస్తారో డిజైన్ చేసేటప్పుడే ఆలోచించాలి.

ప్రింట్‌మేకింగ్

క్రమం పాటించడం ఇష్టమైనవాళ్ళ కోర్సు. లినోలియం పలకను చెక్కి అచ్చువేసే లినోకట్‌తో మొదలవుతుంది సాధారణంగా. బొమ్మ తిరగబడి పడుతుంది కాబట్టి తెలుగు అక్షరాలైనా ఇంగ్లిషు అక్షరాలైనా అద్దంలో చూసినట్టు చెక్కాలి. ఒత్తులు తిప్పి రాయడంలో కళ్ళు మోసపోతాయి, ట్రేసింగ్ కాగితం తిరగేసి దింపుకోవడమే దారి. లినో చల్లగా ఉంటే పెళుసుగా విరుగుతుంది, కాస్త వెచ్చచేస్తే ఉలి మెత్తగా పోతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి.

పెడన కలంకారీలో రంగుకో అచ్చు చెక్కినట్టే ఇక్కడా ఒక్కో రంగుకు ఒక్కో పలక చెక్కవచ్చు. లేదా ఒకే పలకను చెక్కుతూ, రంగు మారుస్తూ అచ్చువేసే రిడక్షన్ పద్ధతి ఉంది. అందులో వెనక్కి వెళ్ళడం ఉండదు. చెక్కేసిన భాగం పోయినట్టే, కాబట్టి పది ప్రతులు కావాలంటే మొదటి రంగులో పద్నాలుగో పదిహేనో తీసి ఉంచుకోవాలి. రిజిస్ట్రేషన్ తప్పి, అంటే ఒక రంగు మీద మరో రంగు సరిగ్గా కుదరక, ఎలాగూ కొన్ని పోతాయి.

ఫొటోగ్రఫీ

మాన్యువల్ మోడ్ ఉన్న కెమెరా అడుగుతారు, ఫోన్ చాలదంటారు. కొనేముందు విభాగం అద్దెకో అరువుకో ఇస్తుందేమో కనుక్కోండి. ఫిల్మ్ సెక్షన్ అయితే డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే రసాయనం) ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర పట్టాలి. పొరపాటున డెవలపర్ కంటే ముందు ఫిక్సర్ (తేలిన బొమ్మను నిలిపే రసాయనం) పోస్తే రోల్ మొత్తం ఖాళీ. సీసాల మీద పేర్లు రాసి, వరసలో పెట్టుకోండి.

డిజిటల్ డిజైన్

తేలిక అనుకుని చేరేవాళ్ళే ఎక్కువ. స్క్రీన్ మీద తప్పు దాక్కుంటుంది, ప్రింట్ తీసిన రోజున బయటపడుతుంది. స్క్రీన్ మీద మెరిసే నీలం, చిలకాకుపచ్చ సీఎమ్‌వైకే (నాలుగు సిరాల) ప్రింటులో మందగిస్తాయి. వెబ్ నుంచి దించిన బొమ్మ పోస్టర్‌లో గళ్ళు గళ్ళుగా వస్తుంది. 8×10 అంగుళాలకు 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు) చొప్పున 2400×3000 పిక్సెళ్ళు కావాలి. ఇన్‌డిజైన్ (పేజీలు కూర్చే అడోబీ సాఫ్ట్‌వేర్) ఫైలు ఒక్కటే ల్యాబుకు తీసుకెళ్తే బొమ్మలు, ఫాంట్లు మాయమవుతాయి. ప్యాకేజ్ కమాండ్‌తో మొత్తం ఫోల్డర్ తీసుకెళ్ళాలి.

తెలుగులో పోస్టర్ చేయాలనుకుంటే మరో చిక్కు. మామూలు కంపోజర్‌లో (అక్షరాలు కూర్చే సెట్టింగ్‌లో) ఒత్తులు విడిపోతాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్‌కు మారి, మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్ వాడితే అక్షరాలు సరిగా కూడతాయి. టీచరుకు తెలుగు రాదు కాబట్టి ఆ తప్పు పట్టుకోవాల్సింది మీరే.

అడోబీ లైసెన్సు యూనివర్సిటీ ఇస్తుందో, ల్యాబ్ కంప్యూటర్లకే పరిమితమో కనుక్కున్నాకే చందా కట్టండి.

ఎవరికి ఏది

ల్యాబులు నిండిన సెమిస్టర్‌లో ఉన్న ఇంజనీరింగ్, ప్రీ-మెడ్ వాళ్ళకు డ్రాయింగ్ లేదా 2డి డిజైన్. యూఎక్స్ వైపు వెళ్ళేవాళ్ళకు 2డి, ఆ తర్వాత డిజిటల్ లేదా టైపోగ్రఫీ. ఆర్కిటెక్చర్‌కు బదిలీ అవ్వాలనుకునేవాళ్ళకు డ్రాయింగ్, 3డి రెండూ కావాలి, అయితే ఒకే సెమిస్టర్‌లో వద్దు. చివరి ఏడాదిలో ఊపిరి పీల్చుకోదగ్గ సెమిస్టర్ ఉంటే అప్పుడు మట్టి.

అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లలు హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి కోర్సు) డ్రాయింగో, ఏపీ 2-డి ఆర్ట్ అండ్ డిజైనో చేసి ఉంటారు. ఆ స్కోరుకు ఎలక్టివ్ క్రెడిట్ ఇచ్చినా, ఫౌండేషన్ కోర్సు మినహాయింపు చాలాసార్లు రాదు, విభాగం పోర్ట్‌ఫోలియో చూస్తానంటుంది. కమ్యూనిటీ కాలేజీలో ఇదే కోర్సు చవకగా తీసుకునేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. సిలబస్ కాపీ, ప్రతి ప్రాజెక్టు ఫొటోలు దాచిపెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో అయితే ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సరితూగుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో ముందే చూడొచ్చు.

ఏ కోర్సైనా క్రిటిక్ (అందరూ కలిసి పనుల మీద చేసే చర్చ) తప్పదు. పనులన్నీ గోడకు పెట్టి ఒక్కొక్కరూ మాట్లాడాలి. మౌనంగా కూర్చోవడాన్ని ఇక్కడ వినయంగా చూడరు, పాల్గొనలేదని మార్కులు తీసేస్తారు. "బాగుంది" అంటే సరిపోదు. కన్ను ముందు ఎక్కడికి వెళ్ళింది, తర్వాత ఎటు జారింది, ఏ భాగం బరువుగా తోచింది అని చెబితే చాలు. పెద్ద ఇంగ్లిషేమీ అక్కర్లేదు.

సామాను మొదటి క్లాసు అయ్యేదాకా కొనకండి. వెబ్‌సైట్‌లో ఉన్న జాబితా పాత సెమిస్టర్‌ది కావొచ్చు, టీచరు మారితే కాగితం కొలత కూడా మారుతుంది. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్ళు మాత్రం మొదటి రోజు పెన్సిల్, స్కెచ్‌బుక్ పట్టుకుని క్లాసుకు వెళ్ళాలి. మొదటి రోజు రానివాళ్ళ సీట్లు చాలామంది టీచర్లు అక్కడికక్కడే ఇచ్చేస్తారు.